బావ నిండా ఊదిన ఊపిరి

“తమ్మీ, మీ బావ ఊపిరి ఆగింది. జర జల్ది రా” అని అక్క ఫోను చేసినప్పుడు నేను గోదావరిఖనిలో మా ఫొటో స్టూడియో షట్టరు ఎత్తుతున్నాను. అక్క గొంతులో ఏడుపు లేదు. డ్యూటీ దిగి వచ్చిన మనిషి షిఫ్టు సంగతి చెప్పినట్టు చెప్పింది. షట్టరు మళ్ళీ కిందికి లాగి స్కూటరు తీశాను.

నేను వెళ్ళేసరికి మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం ఇంకా గురగురమని నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. బావ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అక్క మాట నమ్మక కాదు. చెయ్యి పెట్టి చూడనిది ఏదీ చెప్పకూడదని ఆయనే నాకు నేర్పాడు. వేలికి ఏమీ తగల్లేదు. అప్పుడు యంత్రం స్విచ్చి తీసేశాను.

కాసేపటికి వాకిలి నిండింది. బావతో ఒకే షిఫ్టులో ఏళ్ళ తరబడి బొగ్గు బాయిలోకి దిగిన పాత దోస్తు ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చుని, చాలాసేపు శవాన్ని చూసి అన్నాడు: “గా పోయేదేదో సర్వీసుల ఉన్నప్పుడు పోతే పిల్లగానికి నౌకరన్న దొరుకుతుండె.”

ఎవరూ ఆయన్ని కసురుకోలేదు. కాళ్ళ దగ్గర కూర్చున్న అక్క తల ఎత్తకుండానే జవాబిచ్చింది. “నేను పొద్దటిసంది గదే అనుకుంటున్న అన్నా.”

ఇది చదివి మీకు ఒళ్ళు మండితే తప్పు మీది కాదు. మా బొగ్గు ఊళ్ళ సంగతి మీకు తెలియదు, అంతే. ఇక్కడ కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం వస్తుంది. ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చినా వస్తుంది. చివరిరోజు దాకా నిలబడి పనిచేసి దిగినవాడికి మాత్రం ఒక శాలువా, ఒక పూలదండ, ఒక మిఠాయి డబ్బా. అందుకని మా దగ్గర చావుకు కూడా వేళ చూసుకోవాలి. మా బావ వేళ తప్పి పోయాడు. ఆ వేళ ఎలా తప్పిందో చెప్పాలంటే ముందు ఆయన కారు గురించి చెప్పాలి.

అది రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. నేల మీద పాకుతున్నట్టుండే చిన్న బండి, ఫైబర్ ఒళ్ళు, పైకప్పు లేదు. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి పని తీసుకున్న ఒక కాంట్రాక్టరు కొడుకు షోకుకు కొని, ఒక్క ఎండాకాలంలో ఇంజను పట్టేసేలా తోలి, యార్డు మూల పారేశాడు. కప్పున్న బండ్లలోనే జనం ఉడికిపోయే రామగుండం ప్రాంతానికి కప్పు లేని కారు తెచ్చిన తెలివి ఆ కుర్రాడిదైతే, దాన్ని తాడు కట్టించి ఇంటికి లాక్కొచ్చిన తెలివి మా బావది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సామాను ఎక్కడా దొరకదు. అక్క వాకిట్లో నిలబడి అడిగింది, “ఇదేంది, గిండ్ల ఎవలు కూసుంటరు?” అని. “నువ్వు, నేను” అన్నాడు బావ. “ఇంజను సెట్ కానీ. నిన్ను గోదావరి బ్రిడ్జి దాటించి తీసుకొస్త.”

ఆ మాట అక్క నమ్మింది. నమ్మి ఊరుకోక ఆ ఇంజనుకు చాకిరీ కూడా చేసింది.

బావ బాయిలో ఫిట్టరు. పంపులు, మోటార్లు, బొగ్గు లాగే రోపుల యంత్రాలు. చీకట్లో బాగుచేసి వచ్చినవి మర్నాటికి మళ్ళీ చెడేవి. “డ్యూటీల వాళ్ళ ఇనుము, ఇంట్ల నా ఇనుము” అనేవాడు. పగటి వెలుతురులో, తన ఇష్టమొచ్చినంత నిదానంగా విప్పుకోగలిగిన యంత్రం ఆయన జీవితంలో అదొక్కటే. వాడేసిన కన్వేయర్ బెల్టు ముక్కలతో షెడ్డు వేశాడు. డ్యూటీ దిగి స్నానం చేసి, శుభ్రమైన బనీను తొడుక్కుని మళ్ళీ నల్లబడటానికి అందులోకి వెళ్ళేవాడు.

ఇంజను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు దొరకకపోతే మందపాటి కాగితం తెచ్చి, దాన్ని ఇనుప అంచు మీద పరిచి, గుండ్రటి మొన ఉన్న చిన్న సుత్తితో చుట్టూ తట్టేవాడు. కాగితం అంచు వెంట తెగి, అచ్చం కావలసిన ఆకారంలో చేతికొచ్చేది. బొగ్గు దుమ్ము పోకుండా గాలి ఫిల్టరుకు అక్క పాత వాయిల్ చీరలు చింపి చుట్టేవాడు. వాల్వులు నూరటం అక్క పని. వాల్వు మొహానికి కర్ర అంటించి, గరుకు పేస్టు రాసి, కర్రను రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. అక్క కవ్వం తిప్పినట్టు తిప్పేది. కూర మాడుతున్నా మధ్యలో లేవనిచ్చేవాడు కాదు. ఒక ఎండాకాలం ఆమె మజ్జిగ చిలికే స్టీలు గిన్నెలోనే పెట్రోలు పోసి కార్బొరేటరు కడిగాడు. ఆ నెలంతా ఆ ఇంట్లో మజ్జిగ తాగినవాళ్ళు బీడీ వెలిగించడానికి భయపడ్డారు. అందులో నేనూ ఒకణ్ణి.

ఆయన పలకరింపు కూడా అలాగే ఉండేది. సందు మలుపులో నా స్కూటరు మోత వినగానే, “రా బామ్మర్దీ” అనకుండా “చైన్ వదులైంది” అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు. నా మీదికి ఒకసారి స్పార్క్ ప్లగ్గు వచ్చింది. భుజం కందిపోయింది. ప్లగ్గుకు దెబ్బ తగల్లేదు కదా అని చూసుకున్నాడు.

అయినా ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నా స్టూడియోకు మనుషులు రావడం మానేశారు. నేను పగలంతా ఫ్యాను కింద కూర్చుని దోమల్ని కొట్టుకునే రోజుల్లో బావ వచ్చి, “కెమెరా పట్టుకొని నడువు” అన్నాడు. “నేను ఒక్కొక్కటి విప్పుత. విప్పిన కాడికి ఫొటో తియ్యి. మల్ల బిగించేటప్పుడు నా బుర్ర మీద నాకే నమ్మకం లేదు.” అలా ఆ ఇంజను మొత్తం నా కెమెరాలోంచి పోయింది. ఫొటోలు ప్రింటు తీయించి, షెడ్డులో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వరుసగా వేలాడదీసేవాడు. మసక వచ్చిన ఫొటో చూపించి, “ఈ బోల్టు ఎటు తిరిగి ఉన్నదో నీకు కనవడ్తందా? నాకు కనవడ్త లేదు. మల్ల తియ్యి” అనేవాడు. చిన్న వస్తువును దాని మీదే వెలుతురు పడేలా తీయడం నాకు అక్కడే వచ్చింది. తర్వాత బంగారం దుకాణాల వాళ్ళకూ, పనిముట్లు అమ్మేవాళ్ళకూ ఫొటోలు తీసి బతికాను. ఇప్పటికీ అదే బతుకు. ఆ ఫొటోల్లో ఆయన చేతులు వందల చోట్ల ఉన్నాయి. మొహం ఒక్కదాంట్లోనూ లేదు. సంతాపం ఫ్లెక్సీ కోసం చివరికి రిటైర్మెంట్ రోజున దండతో తీసినదే వాడాను. అందులో ఆయన నవ్వడం లేదు.

ఇక మా మేనల్లుడు. ఒక్కడే కొడుకు. ఇప్పుడు ముప్పై దాటాయి. ఇరవై ఏళ్ళప్పుడు షెడ్డులోకి వెళ్ళి సాయం చేస్తానన్నాడు. ప్లగ్గు పెట్టమంటే నేరుగా పానా అందుకుని బిగించాడు. మర వంకరగా ఎక్కింది. మెత్తటి అల్యూమినియం, లోపలి గాడి చెడిపోయింది. “చేత్తోటి తిరిగినంత సేపు పానా ముట్టద్దని ఎన్నిసార్లు చెప్పిన్రా” అని బావ వాడి చేతిలోంచి పానా గుంజుకున్నాడు. అప్పుడు వాకిట్లో వాడి దోస్తులు కూడా ఉన్నారు. “నీ అసొంటోడు బాయిల బిగిస్తే నలుగురు సస్తరు. మల్ల ఈ షెడ్ల కాలు వెట్టకు.” వాడు మళ్ళీ పెట్టలేదు. పక్క గదిలో పడుకుని, గోడ అవతల తండ్రి ఇంజనుతో మాట్లాడుతున్న మాటలన్నీ వింటూ ఆ ఏళ్ళు గడిపాడు.

బావకు ఇష్టమైన పని ఒకటుండేది. ప్లగ్గులు తీసేసి, ఆ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, “తిప్పు” అనేవాడు. అక్క తాళం తిప్పేది. ఇంజను లోపలి గాలి వేలిని ఫట్టుమని నెట్టేసేది. ఎంత అదిమినా ఆగకూడదు. అదే ఇంజను ఆరోగ్యమట. మిగతావాళ్ళు కంప్రెషన్ అంటారు, ఆయన దమ్ము చూసుడు అనేవాడు. మొదట్లో ఒక సిలిండరు ఆయన వేలిని ముద్దు పెట్టుకున్నట్టు నెట్టేది. దాన్ని మిగతా వాటితో సమానం చేయడానికి ఏళ్ళు పట్టింది. ఆయన బొటనవేలి మీద ఎప్పుడూ నల్లటి గుండ్రటి ముద్ర ఉండేది. పెళ్ళిళ్ళకు బయల్దేరేముందు అక్క కొంగు తడిపి రుద్దేది. పోయేది కాదు.

ఈలోగా ఆయన దమ్మే తగ్గుతూ వచ్చింది. షెడ్డులోంచి వాకిట్లోకి రావడానికి మధ్యలో ఒకచోట ఆగేవాడు. ఉదయం దగ్గితే నల్లగా పడేది. బాయిలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అక్క మాత్రం పట్టించుకుంది, ఇంకోలా. సర్వీసు ఇంకా మిగిలి ఉంది. కొడుకు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు డ్రైవరు, ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోవాలి, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంట్లో కూర్చోవాలి. బోర్డుకు పెట్టుకుంటే మనిషికి విశ్రాంతి, కొడుకుకు నౌకరి. అక్క అడిగింది, నేను అడిగాను, పాత దోస్తు వచ్చి గంటసేపు కూర్చున్నాడు. బావ ఒప్పుకోవడానికి ఏడాది తీసుకున్నాడు.

బోర్డుకు పోయే మనిషి ఎలా పోవాలో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఉన్న రోగాన్ని పూర్తిగా చూపించాలి. గడ్డం పెంచాలి, వారం ముందు నుంచి తిండి తగ్గించాలి, పక్కింటివాళ్ళ కళ్ళముందు బరువులెత్తకూడదు. అక్క కారు మీద టార్పాలిన్ కప్పి తాడు కట్టింది. పానాల డబ్బా తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో దాచింది. ఊదే యంత్రం ఒకటుంటుందని, దాంట్లో సగమే ఊదాలని మేము మళ్ళీ మళ్ళీ చెప్పాం. “సమజైంది, సగమే ఊద్త. మీరేందిరా పొల్లగానికి చెప్పినట్టు చెప్తరు” అని విసుక్కున్నాడు.

ఆయన్ని తీసుకెళ్ళింది నేనే. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద కూర్చుంటే లోపల జరిగేది కనిపించింది. గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు. బావ సగం ఊదాడు. మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ సగమే. అంతా అనుకున్నట్టే నడుస్తోంది. మూడోసారికి ఆ యంత్రం దగ్గరి కుర్రాడు, పాపం వాడికేం తెలుసు, గౌరవంగానే అడిగాడు. “ఇంతేనా, పెద్దాయనా?”

బావ వాడి వైపు చూశాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గొట్టం అందుకుని, కళ్ళు మూసుకుని నిండా ఊదాడు. మెడ నరాలు లేచి నిలబడ్డాయి. ఆ ఊపిరి ఎంతకీ అయిపోలేదు. నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. మూడింటిలో పెద్దదే లెక్క. డాక్టర్లు తప్పు చేయలేదు. ఆయన ఊదిందే చూసి, ఇంకా పనికొస్తాడని రాశారు.

బయటికి వచ్చి, మెట్ల మీద ఎవరికీ కనిపించని మూలకు పోయి, రెయిలింగు పట్టుకుని దగ్గాడు. దగ్గి దగ్గి కూలబడ్డాడు. ఆ దగ్గును లోపల దగ్గి ఉంటే సరిపోయేది. నాకు కొట్టాలనిపించింది. “ఎందుకు బావా?” అని మాత్రం అడిగాను.

“ఇంతేనా అన్నడు బామ్మర్దీ” అన్నాడు.

ఇంటికి చేరేసరికి కొడుకు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. మా మొహాలు చూసే వాడికి అర్థమైంది. “బాపూ, ఒక్క ఊపిరి ఆపుకోలేకపోయినవా?” అన్నాడు. అప్పుడైనా బావ ఊరుకోవాల్సింది. ఆయన ఊరుకునే మనిషి కాదు. “నీ చేతులు సక్కగుంటే నా రోగంతోటి నీకు పనేంది?” అన్నాడు.

ఆ తర్వాత కొడుకు ఆయనతో మాట్లాడలేదు. ఇల్లు విడిచి పోలేదు, గొడవ పడలేదు. మాట్లాడలేదు, అంతే. బావ రిటైరయ్యాడు. శాలువా వచ్చింది, దండ వచ్చింది, నేను ఫొటో తీశాను. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర రెండు గదుల సొంతింటికి మారారు. కారునూ షెడ్డునూ కూడా మార్చారు. బావ మంచం పట్టాక వాడే భుజాన వేసుకుని దవాఖానకు మోసుకుపోయేవాడు, వాడే స్నానం చేయించేవాడు. తండ్రి ఒళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని, వంటింట్లో ఉన్న తల్లిని కేకేసి అడిగేవాడు. “నీళ్ళు వేడున్నయా అడుగమ్మా.” బావ కూడా తక్కువ తినలేదు. కొడుకు చేతుల్లో తడుస్తూ, “సల్లగున్నయని చెప్పు” అనేవాడు. వాళ్ళిద్దరి మధ్యా నడిచే ఆ తంతు చూడలేక నేను ఆ సమయానికి వెళ్ళడం మానుకున్నాను.

ఆక్సిజన్ యంత్రం వచ్చిన మొదటిరోజే బావ దాని మోత విని, “లోపట వాల్వు కొట్టుకుంటంది” అన్నాడు. నిజమో కాదో తెలియదు. మనిషికి గాలి చాలకపోయినా వంకలు పెట్టడానికి చాలింది. కారు మాత్రం ఆగకూడదు. వారానికోసారి అక్క షెడ్డులోకి పోయి స్టార్టు చేయాలి. మంచం కిటికీ పక్కకు జరిపించుకుని వినేవాడు. మాట రాని రోజుల్లో చేత్తో సైగ చేసేవాడు, ఇంకొంచెం, చాలు, ఆపు అని. పోవడానికి ముందు నెలలో అక్కతో ఇంజన్ ఆయిలు కూడా మార్పించాడు. ఆ మోత మొదలవగానే కొడుకు చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే ఉన్నప్పుడు మాస్కు పక్కకు జరిపి అన్నాడు. “బోర్డుల రెండోసారి ఊదంగనే లేసి రావాలుండె బామ్మర్దీ.” ఈ మాట కొడుక్కి చెప్పనా అని అడిగాను. “వద్దు. చెప్తే జాలి పడ్తడు” అని మాస్కు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన ఉన్నంత కాలం చెప్పలేదు. ఇప్పుడిక్కడ రాశాను కాబట్టి మా మేనల్లుడు చదువుతాడు. చదవనీ.

అక్క ఆ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇంజను ఎప్పుడూ ఇంకా కొంచెం సెట్ కావాల్సే ఉండేది. బావ కాలనీ చివరిదాకా తోలి, చెవి ఒగ్గి విని, తిరిగొచ్చి మళ్ళీ విప్పేవాడు. పక్క సీట్లో ఎప్పుడూ పానాల డబ్బా ఉండేది. “మీ బావకు రెండో పెండ్లామయ్యా అది, దానికి పక్క సీటు, నాకు కవ్వం కర్ర” అని అక్క నాతో నవ్వుతూనే అనేది. చివరి ఏడాది అలా అనడం కూడా మానేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు మేనల్లుడు పాత ఇనుము కొనే ఆయన్ని కారు తీసుకుంటావా అని అడిగి వచ్చాడు. ఆయన తోలుకొస్తే తీసుకుంటానన్నాడు. నేను అక్క వైపు చూశాను, అడ్డం చెబుతుందేమోనని. “తీస్కపోనీ తమ్మీ” అంది. “నాకు దాని మోత ఇనాలనిపిస్త లేదు.”

బావ పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టక కారు స్టార్టు కాలేదు. అల్లుడు షెడ్డు గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపల కాలు పెట్టాడు. పక్క సీట్లోని పానాల డబ్బా తెరిచి ప్లగ్గులు తీసి, మసి తుడిచి, వరుసగా గుడ్డ మీద పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే మొదటి రంధ్రం మీద బొటనవేలు అదిమి, “తిప్పమ్మా” అన్నాడు. అక్క తాళం తిప్పింది. గాలి వాడి వేలిని ఫట్టుమని ఎగరగొట్టింది. రెండోదాని మీద పెట్టాడు, మూడోదాని మీద, నాలుగోదాని మీద. నాలుగోసారి వేలు వెంటనే తీయలేదు. అలాగే పెట్టి ఉంచాడు.

“నాలుగు ఒక్క తీరుగున్నయి మామా” అన్నాడు. తండ్రి పని గురించి వాడు మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. “దీన్ని గింత మంచిగ చేసిండు. ఆయన మాత్రం…” అని ఆపేశాడు. ప్లగ్గులు ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో పట్టుకుని, ఇక తిరగనంత దాకా చేత్తోనే తిప్పాడు. అప్పుడు పానా అందుకున్నాడు.

ఈసారి తాళం తిప్పగానే కారు అందుకుంది. అల్లుడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. “రా అమ్మా, కూసో” అన్నాడు. అక్క పక్క సీటులోని డబ్బా వెనక్కి పెట్టబోయింది. వెనక చోటు లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. నేను స్కూటరు మీద వెంట పోయాను. ఎండ మండిపోతోంది. బొగ్గు లారీల మధ్య ఆ ఎర్ర కారు నేలకు అంటుకుని పోతుంటే టీ కొట్ల దగ్గరి మనుషులు లేచి నిలబడి చూసి నవ్వారు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా ఇంజను తడబడలేదు. మలుపు దగ్గర కారు ఆగింది. నేను పక్కనే ఆగాను. కప్పు లేని బండి కదా, మాటలు వినపడ్డాయి.

“బ్రిడ్జి దిక్కు తిప్పాల్నా?” అని అడిగాడు కొడుకు.

అక్క అటు చూడలేదు. “వద్దు. సీదా పో” అంది.

ఇనుము కొట్టు ఆయన పెద్దమనిషి. కారు తనంతట తాను గేటులోకి రావడం చూసి పని ఆపి వచ్చాడు. చుట్టూ తిరిగాడు, బానెట్ లేపి చూశాడు, చెవి పెట్టి విన్నాడు. “అరే బేటా, చల్తీ గాడీని ఎవరన్న కోస్తరా?” అన్నాడు. “ఇంజను గడియారం లెక్క నడుస్తంది. షోకున్నోడు ఎవడన్న దొరుకుతడు. కొన్ని దినాలు ఆగు.”

“కొయ్యి చాచా” అన్నాడు అల్లుడు. “ఇది నడుస్తాంటే నాకు మా బాపు గొంతే ఇనవడ్తది.”

ఆయన బానెట్ దించి పనివాళ్ళను పిలిచాడు. ముందు ఆయిలు దించాలి కాబట్టి కింద రేకు పెట్టి, బోల్టు వదులు చేయించాడు. మసి నూనె పడుతుందని చూస్తున్న మాకు తేనె రంగు నూనె ధారగా పడింది. పనివాళ్ళు ఆశ్చర్యపోయి అక్క వైపు చూశారు. “పోయిన నెలే మార్పిచ్చిండు” అని అక్క వాళ్ళకు చెప్పింది, తప్పు చేసినట్టు. పానాల డబ్బా కూడా అడిగారు. ఇవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తల్లీ కొడుకులు షేర్ ఆటో ఎక్కారు. ముందు చోటు లేక, వెనక్కి తిరిగి కూర్చునే సీట్లో కూర్చున్నారు. నేను స్కూటరు మీద వాళ్ళ వెనకే, వాళ్ళకు ఎదురుగా వస్తున్నాను. ఇద్దరూ నన్ను చూడటం లేదు. డబ్బా వాళ్ళ కాళ్ళ దగ్గర ఉంది. అల్లుడు తన కుడిచేతి బొటనవేలును చూసుకుంటున్నాడు. దాని మీద నల్లటి గుండ్రటి ముద్ర పడింది. పాంటుకేసి రుద్దాడు, పోలేదు. అక్క ఆ చేతిని ఒళ్ళోకి లాక్కుంది. నీళ్ళ సీసా మూత తీసి, కొంగు తడిపి, ఆ వేలిని తుడవడం మొదలుపెట్టింది.

ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. ముద్ర పోవడం లేదు. అక్క మళ్ళీ కొంగు తడిపింది.